బెంగళూరుకు లక్కపిడతలు

ఏటికొప్పాక బొమ్మలు పట్టుకుని బెంగళూరు బయల్దేరేవాళ్ళు అట్టపెట్టెలకన్నా ముందు ఒక జవాబు సర్దుకోవాలి. "ఇవి చన్నపట్టణ బొమ్మలేనా?" అని అడగనివాళ్ళు ఆ ఊళ్ళో అరుదు. అడగడంలో తప్పూ లేదు. చన్నపట్టణ బెంగళూరుకు అరవై కిలోమీటర్ల దూరంలో, మైసూరు దారిలోనే ఉంది. కర్ర కూడా ఒకటే. మనం అంకుడు అంటాం, వాళ్ళు హాలె అంటారు. పనీ ఒకటే. లేతు మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది.

కాదని చెప్పడం తేలికే. మరి ఏమిటో చెప్పడంలోనే ఉంది తిప్పలంతా. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున మా ఊరు, 2017లో భౌగోళిక గుర్తింపు, సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే... ఇలా వల్లె వేస్తూ పోతే, రెండో వాక్యానికే వినేవారి చూపు పక్క స్టాలు మీదికి పోతుంది. అవన్నీ చిన్న కార్డు మీద అచ్చు వేయించి బొమ్మతో పాటు సంచిలో పడేయాలి. నోటితో మాత్రం "వాళ్ళూ మేమూ దాయాదులమండీ" అంటే సరి. నవ్వుతారు. నవ్విన మనిషి మరో నిమిషం నిలబడతాడు.

ఆ నిమిషం కోసమే ఈ ఏర్పాట్లన్నీ. లేతు పట్టేది మా అన్నయ్య, లెక్క చూసేది వదిన, ఊళ్ళు తిరిగేటప్పుడు పెట్టెలు మోసేది నేను. ఈసారి పిలుపు పసిపిల్లల బడులు నడిపేవాళ్ళ సదస్సు నుంచి. ఎగ్జిబిషన్ అయితే జనం పొద్దస్తమానం వస్తూ పోతూ ఉంటారు. సదస్సులో అలా కాదు. ప్రసంగాలు సాగినంతసేపూ స్టాళ్ళ ముందు ఈగ కూడా వాలదు. టీకి వదిలారంటే ఒక్కసారిగా అందరూ మీద పడతారు. పావుగంటలో మళ్ళీ గంట కొడతారు. రోజు మొత్తం బేరం ఆ పావుగంటల్లోనే తేలిపోవాలి. కాబట్టి ధర అడిగించుకునే బొమ్మ ఉండకూడదు. ప్రతిదాని మీదా చీటీ అతికించాల్సిందే, అదీ కన్నడంలో, ఇంగ్లీషులో.

స్టాలంటే మూడు మీటర్లకు మూడు మీటర్లు, మూడు వైపులా అట్టగోడ, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ప్లగ్గు. గోడకు మేకు కొట్టనివ్వరు. ఇచ్చేదింతే అని తెలిశాక డాబా మీద ముగ్గుపిండితో ఆ కొలతకు గీతలు గీసి, ఇంట్లో బల్ల తెచ్చి వేశాం. ఎవరైనా చేసే మొదటి పని బల్లను ముందుకు అడ్డంగా లాగడం. రేషన్ షాపు కౌంటరైపోతుంది అది! వచ్చినవాళ్ళు అవతలే ఆగిపోతారు. పక్కగోడకు చేర్చి ముందు భాగం వదిలేస్తే లోపలికి అడుగు పెడతారు. బల్ల మీద పరిచే గుడ్డ నేలను తాకాలి. ఖాళీ పెట్టెలు, మంచినీళ్ళ సీసాలు, మా టిఫిన్ డబ్బా, చెప్పులు, సకలం దాని వెనకే.

ఏం తీసుకెళ్ళాలన్నదాని దగ్గరే గొడవ. రైల్లో స్లీపరు టిక్కెట్టుకు నలభై కిలోలే ఉచితం. అంకుడు తేలిక కర్ర కనుక బరువుతో పేచీ లేదు గానీ, చోటు తినేస్తుంది. అన్నయ్యకు పెద్ద గుర్రపు బండి మీద మమకారం. అది లేకుండా స్టాలేమిటంటాడు. ఒక్కటి, చూడ్డానికి మాత్రం, అని ఒప్పందం కుదిరింది. బొంగరాలను అందంగా అద్దపు పెట్టెలో వరసగా పేరుద్దామన్నాను నేను. వదిన ఆ పెట్టె వంక, నా వంక చూసి, "పెట్టెలో తొంగున్న బొంగరాన్ని ఎవరు కొంటారు బాబూ? తిప్పాల!" అంది. అద్దప్పెట్టె అటక ఎక్కింది. బొంగరాలకు అంచులున్న పెద్ద పళ్ళెం వచ్చింది.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చిన సరుకు అమ్మకానికి లేనిది. వెదురు తట్టలో నాలుగే వస్తువులు: చెక్కు తీసిన అంకుడు ముక్క, సగం మలిచి వదిలేసిన పిడత, పసుపు కలిపిన లక్క కడ్డీ, ఎండిన మొగలి ఆకు. బొమ్మల నిగారింపు ఆ ఆకుతో రుద్దితే వస్తుందని చెబితే మొహమాటానికి తలూపుతారు. ఆకు చేతికిచ్చి, దాని గరుకు తగిలాక బొమ్మను తాకమంటే, తలూపడం మానేసి ప్రశ్నలు మొదలుపెడతారు. ముఖ్యంగా టీచర్లు. పిల్లలకు చూపించడానికి తట్ట మొత్తం ఇస్తారా అని అడిగినవాళ్ళున్నారు.

లక్కకు వేడి పడదు. ఎండలో నిలబెట్టిన ఆటోలో పెట్టెలు వదిలి టీకి వెళ్ళకూడదు. బొమ్మకూ బొమ్మకూ రాపిడి లేకుండా పాత నూలు చీరల ముక్కలు చుడతాం. కాగితాలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు తాము చేసి అమ్ముకునేవాటికి మినహాయింపు ఉంది. బడులవాళ్ళు ఈ సంగతి తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. అన్నయ్య గుర్తింపు కార్డు నకలు బల్ల మీదే ఉంచుతాం.

బెంగళూరులో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. లక్కపిడతల సెట్టు కనబడగానే మెడలో సదస్సు బిళ్ళతో నిలబడ్డ పెద్దమనుషులు కూడా చిన్న పొయ్యి, చిన్న బిందె ఏరి చేతిలోకి తీసుకుంటారు. వాళ్ళకు దాయాదుల కథ అక్కర్లేదు. అందుకే ఆ సెట్టు దారిలో నడిచేవాళ్ళకు కనబడేలా బల్ల చివర పెడతాం.

సదస్సులు జరిపే పెద్దలకు ఒక మనవి. స్టాళ్ళు కింది అంతస్తులో వేసి, టీ బల్ల పై అంతస్తులో పెట్టకండి. అద్దె మా దగ్గర తీసుకున్నారు కనుక ఆ టీ కప్పులేవో మా మధ్యనే అందించండి. మిగతాది బొంగరాలు చూసుకుంటాయి.