కషాయం మూట

సంక్రాంతి సెలవులకి వెలుగోడు వెళ్లినప్పుడు అవ్వ చేతిలో టీ గ్లాసు వణకడం చూశాను. మాత్ర వేసుకున్నాక కాసేపటికి కొంచెం సర్దుకుంటుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పితే లెవోడోపా, కార్బిడోపా అని ఉంది. అరే, ఇది మన క్లాసులో విన్న పేరే!

డోపా అణువుకి ఎడమ చెయ్యి, కుడి చెయ్యి లాంటి రెండు రూపాలు. అవ్వకి పనికొచ్చేది ఒకటే. మోన్‌శాంటో కంపెనీలో విలియం నోల్స్ రోడియంకి కైరల్ ఫాస్ఫీన్ తగిలించి, ఆ ఒక్క రూపమే ఎక్కువగా వచ్చేలా చేశాడు. 2001 నోబెల్‌లో ఆయనకీ వాటా దక్కింది. చిక్కేంటంటే, అలాంటి కెటలిస్టు ద్రావణంలో కరిగిపోతుంది. లోహం చూస్తే బంగారమంత ప్రియం, పైగా మందులో మిగలకూడదు. అందుకే దాన్ని ఏదైనా ఘనపదార్థానికి అతికించి, పనయ్యాక వడగట్టి మళ్లీ వాడుకోవాలని చూస్తారు.

ఇందులో మనవాళ్ల పని కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం బృందం 2001లో ఆస్మేట్ అయాన్లని మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరలకి అతికించింది. విషపూరితమైన ఆస్మియం అలా వడగట్టి తీసేదయింది. కైరల్ లిగాండ్ మాత్రం ద్రావణంలోనే ఉంటుంది, దాన్ని విడిగా రాబట్టుకోవాలి.

మా ప్రాజెక్టుకి అంత స్తోమతెక్కడిది? రెజిన్ మీద రాగి ఎక్కించాం, కైరల్ ఊసే లేదు. మూడుసార్లు వాడాం, దిగుబడి బానే వచ్చింది. ఎందుకో అనుమానమొచ్చి, వడగట్టిన ద్రావణంలో అమ్మోనియా చుక్కలు వేశాను. ముదురు నీలం! రాగి దిగిపోతోంది. పనంతా రెజిన్ మీది రాగే చేస్తోందని మేం ఇక ఎలా చెప్పగలం?

"రిపోర్టులో ఐదు సైకిళ్లని రాసేయ్‌రా, ఎవడు చూస్తాడు" అన్నాడు నా ప్రాజెక్టు పార్ట్‌నర్. నిజం చెప్పాలంటే ఒక రాత్రంతా నాకూ అదే బాగుందనిపించింది. కానీ ఆ స్ట్రిప్ గుర్తొచ్చేది. అందులో మిగలకూడని లోహాన్ని కొలిచేవాడు కూడా ఇలాగే "ఎవడు చూస్తాడు" అనుకుంటే?

అవ్వకి ఫోన్‌లో చెప్పాను. జలుబు చేస్తే శొంఠి, మిరియాలు గుడ్డలో మూటగట్టి నీళ్లలో మరిగిస్తుంది కదా, అలాగన్నమాట అన్నాను. ఆమె కషాయంలో సారం దిగడమే కావాలి, మాకు దిగితే కొంప మునిగినట్టే.

"అయితే గట్టి గుడ్డ సూసుకో నాయనా" అంది.

రిపోర్టులో మూడు సైకిళ్లే రాశాం, పక్కన నీలం ట్యూబు ఫొటో పెట్టాం. వైవా వచ్చే గురువారం.