కనుమదారి

మైదానమునందు దారి తిన్ననిదైనకొలది ఊరు దగ్గరగును. కొండమీద అట్లు గాదు. అచట తిన్నని దారి ఎక్కరాని దారి. మెలికల దారియే ఎక్కదగిన దారి. 20 మీటర్లు ముందునకు సాగిన 1 మీటరు పైకెక్కునట్లు వాలు కుదుర్చుకొన్నచో, 900 మీటర్ల ఎత్తు చేరుటకు 18 కిలోమీటర్ల దారి కావలెను. అంత పొడవును కొండ ఒడిలో ఇముడ్చుటకే ఇంజనీర్లు దారిని పామువలె మెలికలు త్రిప్పుదురు. విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రోడ్డు అట్టి కనుమదారులలో నొకటి.

దాని పొడవు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలసలు దాటి శృంగవరపుకోట చేరువరకు వరిమళ్లు, తాటిచెట్లు, మామిడితోటలు ప్రయాణికునకు తోడువచ్చును. పిదప తూర్పుకనుమలు ఎదురునిలిచి, ఇక మెల్లగా రమ్మని హెచ్చరించును.

మార్గశిరమాసమున రెండుదినముల సెలవు దొరకగా, విశాఖపట్టణమునుండి యొక కుటుంబము ఈ దారిని కారులో బయలుదేరెను. కారు నడుపుచున్న గృహస్థు పట్టణపు వీధులలో ఆరితేరినవాడే గాని, కొండ ఎక్కుట అతనికి అదియే మొదలు. ప్రక్కన ఎనిమిదవ తరగతి చదువుచున్న కొడుకును, వెనుక భార్యయు, తల్లియు కూర్చుండిరి.

టైడ దాటిన పిమ్మట అడవి చిక్కనయ్యెను. ఒక ఇరుకు మలుపునొద్ద పైనుండి దిగివచ్చుచున్న లారీ యొకటి, వీరి కారును చూచి, కొండవైపునకు ఒదిగి నిలిచిపోయెను. పిల్లవాడు ఆశ్చర్యపడెను.

“నాన్నగారూ, లారీ మనకంటె ఎంతో పెద్దది గదా! మనకు దారి యిచ్చినదేమి?”

“దారి ఇరుకైనచోట దిగు బండి ఎక్కు బండికి దారి యీయవలెను. అది చట్టమునందున్న నియమము. వాలులో దిగు బండి ఆగినను మరల కదలుట తేలిక. ఎక్కు బండి నడుమ ఆగినచో తన బరువంతయు మోసికొని మరల కదలవలెను. వెనుకకు జారినను జారవచ్చును.”

వెనుకనుండి నాయనమ్మ నవ్వి, “పైనున్నవాడు క్రిందివాని కష్టము ఎఱుగవలెనన్నమాట. మంచి చట్టమే నాయనా!” అనెను.

అనంతగిరి సమీపించుసరికి గాలి చల్లబడెను. వేయి మీటర్లు ఎక్కినచో ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుట ప్రకృతిధర్మము. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు కనులపండువుగా నుండెను. ఎఱ్ఱగా పండిన కాఫీపండ్లను గిరిజన రైతులు ఒక్కొక్కటిగా కోయుచుండిరి. వారి శ్రమఫలమైన అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గాలికొండ దాటి లోయలోనికి దిగగానే వలిసెపూలు పసుపు ఆరబోసినట్లు పొలములనిండ విచ్చియుండెను.

ఈ కొండలలోనే రైలుమార్గమును గలదు. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960వ దశకమున దానిని నిర్మించిరి. రైలు రోడ్డంత నిటారు వాలును ఎక్కజాలదు. కావున అది సొరంగములలో కొండను తొలుచుకొని పోవును. రోడ్డు కొండను చుట్టుకొని పోవును. ఏ బండి శక్తికి తగిన దారి ఆ బండిది.

మఱునాడు తిరుగుప్రయాణమున ప్రొద్దు వాలినది. మంచు క్రమ్ముచుండెను. చీకటి పడకముందే మైదానము చేరవలెనని గృహస్థు తొందరపడెను. బండి పెద్దగేరులోనే యుండెను. కాలు బ్రేకుమీదనే యుండెను. వాలులో బ్రేకును విడువక అదిమినచో, రాపిడివలన అది వేడెక్కి పట్టు సడలును. కొంతసేపటికి కారులో మాడువాసన వేసెను. అడుగుపలక మునుపటికంటె లోతునకు దిగుచుండెను.

అంతలో క్రింది మలుపునుండి దీపములు వెలిగించుకొని, నిండుబస్సు ఒకటి రొప్పుచు ఎక్కివచ్చుచుండెను. అది మలుపు చేరకముందే దాటిపోవలెనని గృహస్థు హారను మ్రోగించెను.

“నాన్నగారూ! అది ఎక్కు బండి!” అని పిల్లవాడు కేకవేసెను.

ఆ మాట చెవినిబడగానే తండ్రికి నిన్నటి లారీ మదిలో మెదలెను. వెంటనే గేరు తగ్గించెను. ఇంజనే పట్టి నిలిపినట్లు కారు వేగము తగ్గెను. కొండవైపునకు ఒదిగి, చేతిబ్రేకు లాగి, ఆగెను. బస్సు తన పొడవంతయు త్రిప్పుకొనుటకు రోడ్డు వెడల్పునంతను ఆక్రమించుచు, కారునకు జానెడు దూరమున దాటిపోయెను. కారు ఆగకుండినచో రెంటికిని అచట చోటు లేదు. గృహస్థు చేతులు వణకెను.

బస్సు పైన చదునుగానున్న చోట నిలిచెను. డ్రైవరు దిగివచ్చి, వాసన చూచి, కారు చక్రమునకు రాయి అడ్డుపెట్టెను.

“బాబుగారూ, బ్రేకులు కాగిపోయినవి. నీళ్లు చల్లకండి, లోహము వంకరపోవును. అవి చల్లారువరకు కదలకండి. ఈ కొండకు ఒకటే లెక్క: ఏ గేరులో ఎక్కితిరో ఆ గేరులోనే దిగవలెను.”

అతడు నమస్కారమైనను అందుకొనక తన బస్సు నెక్కి వెడలిపోయెను.

బ్రేకులు చల్లారువరకు ఆ కుటుంబము దారిప్రక్కన కూర్చుండెను. ఈ కొండలలోనే బొఱ్ఱాగుహలయొద్ద పుట్టు గోస్తనీనది, అడ్డువచ్చిన ప్రతి గుట్టకు తప్పుకొనుచు, భీమునిపట్టణమునొద్ద సముద్రమును చేరునని తండ్రి కొడుకునకు చెప్పెను. చెప్పుచు చెప్పుచు తానే ఆలోచనలో పడెను.

పిమ్మట కారు రెండవ గేరులో మెల్లగా దిగెను. వారు ఇల్లు చేరుట ఆలస్యమైనది. అంతకుమించి నష్టమేమియు కలుగలేదు.

శృంగవరపుకోట ఇంక కొంత దూరమున్నదనగా, చివరి ఇరుకు మలుపునొద్ద, తలపై కట్టెలమోపుతో ఒక స్త్రీ ఎక్కివచ్చుచు దీపపు వెలుగున కనబడెను. కారు ప్రక్కకు ఒదిగి నిలిచెను. ఆమె దాటిపోవువరకు ఎవ్వరును మాటలాడలేదు. మోపు మోయువారికి దారి విడువుమని తండ్రి చెప్పిన నియమములో లేదు. ఆనాడు కనుమదారి ఆ మాటను వారికి తానే చెప్పినది.