రేడియేటర్ చూస్తే చాలు... పేరు చెప్పేస్తారు!

అంచులు చిరిగిన నలుపు తెలుపు ఫొటో. మధ్యలో ఓ లారీ. మూతికి పెద్ద పూలదండ, అద్దానికి బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. పక్కనే మీసం మెలేసిన డ్రైవరు, నిక్కరేసుకున్న క్లీనరు, తెల్ల పంచెలో యజమాని.

అలాంటి ఫొటో చేతికందితే ఇంట్లో పిల్లలు 'తాతయ్య ఏడీ?' అని వెతుకుతారు. కొందరు మాత్రం మనుషుల జోలికే పోరు. భూతద్దం తీసి నేరుగా లారీ మూతి మీద పెడతారు.

'అల్బియన్ అండీ, సందేహం లేదు' అంటారొకరు.

'గది అల్బియన్ ఎట్లయితది అన్నా? మంచిగ సూడు... కోమెట్!' అంటారు ఇంకొకరు.

ఇక చూస్కోండి. చాయ్ చల్లారిపోతుంది. పేపరు పక్కకెళ్తుంది. డెబ్భై ఏళ్ల పెద్దమనుషులు పదేళ్ల పిల్లలైపోతారు. పాత బ్రిటిష్ లారీలు, బస్సుల ఫొటోలంటే అంత ముచ్చట మరి!

ఆ ముచ్చట్లకు హైదరాబాద్‌లో తగిన చోటు ఎక్కడంటే... చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చుట్టుపక్కలే. ఓవైపు కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలతో కుస్తీపట్టే కుర్రాళ్లు. మరోవైపు త్యాగరాయ గానసభకు బయల్దేరే సంగీత ప్రియులు. ఇంకాస్త ముందుకెళ్తే సినిమా హాళ్లు, బిర్యానీ ఘుమఘుమలు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. పగలూ రాత్రీ హడావుడే. ఆ హడావుడి మధ్య ఉద్యోగాలు ముగించుకున్న పెద్దలు పాత ఆల్బమ్ ఒకటి తెరిచారంటే తొంభై ఏళ్ల రవాణా చరిత్ర కళ్లముందు కదులుతుంది.

కూడలి పేరే ఆర్టీసీ

బస్సు పేరు పెట్టుకున్న కూడలి కదా ఇది! ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్‌భవన్ ఇక్కడే ఉంది. అయితే కథ అంతకంటే పాతది. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతుల్లోంచి తన అధీనంలోకి తీసుకుంది. రెండేళ్ల తర్వాత ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ పుట్టింది. 1932 జూన్ 15న, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో చక్రం తిరగడం మొదలైంది. రైలు దిగిన ప్రయాణికుడు అదే శాఖ బస్సెక్కి ఊరు చేరుకోవచ్చన్నమాట.

బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ సరకు లారీలను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుని 'బ్రిటిష్ రోడ్ సర్వీసెస్' పేరుతో నడపడం మొదలైంది 1948లో. అంటే అక్కడ లారీలు సర్కారు చేతికి రావడానికి 16 ఏళ్ల ముందే వాళ్ల బండ్లతో ఇక్కడ సర్కారు బస్సు నడిచింది! 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. ఆర్టీసీ సొంత బస్సుల నంబరులో కనిపించే 'జెడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని ఓ కథ ప్రచారంలో ఉంది. పాత బండ్ల ముచ్చట్లలో ఆ కథ రాకుండా ఉండదు.

సూర్యుడా? త్రిభుజమా?

ఇంతకీ ఫొటో చూసి బండి పేరెలా చెబుతారు? అన్నీ ఒకేలా ఉంటాయి కదా అంటే వీళ్లు ఒప్పుకోరు. 'మనుషులకు ముక్కు ఎట్లనో బండికి రేడియేటర్ అట్ల' అంటారు.

రేడియేటర్ తలపై ఉదయించే సూర్యుడి కిరణాలు కనిపించాయా? అది అల్బియన్. 1899లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో మొదలైన కంపెనీ. 'సూర్యోదయమంత నమ్మకం' అన్నది దాని ప్రచార నినాదం. హైదరాబాద్ సంస్థానంలో తిరిగిన తొలితరం బస్సుల్లో పేరున్నవి ఇవే. వాటిలో ఒకదాన్ని ఆర్టీసీ అపురూపంగా దాచుకుంది కూడా.

నీలి త్రిభుజం ఉంటే ఏఈసీ. లండన్ బస్సుల్ని తయారుచేసిన సంస్థ. వృత్తంలో 'ఎ' అక్షరం ఉంటే అట్కిన్సన్. రెక్కలూ ముక్కూ ఉన్న గ్రిఫిన్ బొమ్మ వాక్సాల్ కంపెనీ గుర్తు. దాని తోబుట్టువే 1931లో వచ్చిన బెడ్‌ఫోర్డ్. ఈ బెడ్‌ఫోర్డ్‌లే పాకిస్థాన్‌లో రంగురంగుల బొమ్మలు, గంటలు, గజ్జెలతో పెళ్లికూతుళ్లలా ముస్తాబై ప్రపంచ ప్రఖ్యాతి పొందాయి.

ఈఆర్‌ఎఫ్ అనే మూడక్షరాల వెనక ఓ ఇంటి కథే ఉంది. ఫోడెన్ కుటుంబం ఆవిరి లారీలకు పెట్టింది పేరు. ఆ ఇంటి మనిషి ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ మాత్రం 'ఇక ముందున్నది డీజిల్ కాలమే' అన్నాడు. ఇంట్లోవాళ్లు వినలేదు. దాంతో బయటికొచ్చి 1933లో తన పేరులోని మూడక్షరాలతో సొంత కంపెనీ పెట్టేశాడు. చివరికి ఆయన మాటే నిజమైంది. ఆవిరి లారీలు మ్యూజియాలకు చేరాయి.

అయితే మన ఫొటోల్లో ఓ చిక్కుంది. లారీని ఫొటో తీయించుకునేది ఎప్పుడు? కొత్త బండి పూజ రోజునో, దసరా రోజునో. అప్పుడు మూతికి దండ వేస్తారు. ఆ దండ సరిగ్గా కంపెనీ గుర్తును కప్పేస్తుంది!

పోనీ క్యాబిన్ చూసి చెబుదామా అంటే అదీ కుదరదు. అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి చాలావరకు ఉత్త ఛాసిస్ మాత్రమే వచ్చేది. తలుపుల్లేవు, పైకప్పు లేదు. గాలికీ దుమ్ముకీ ముఖానికి గుడ్డ చుట్టుకుని డ్రైవరు దాన్ని వందల మైళ్లు తోలుకొచ్చేవాడు. క్యాబిన్, బాడీ కట్టేది ఇక్కడి వడ్రంగులే. అందుకే ఒకే కంపెనీ లారీ విజయవాడలో ఒకలా, హైదరాబాద్‌లో ఇంకోలా కనిపించేది. బ్రిటన్‌లో అభిమానులు క్యాబిన్ చూసి బండిని గుర్తుపడితే, మనవాళ్లు క్యాబిన్ చూసి ఊరిని గుర్తుపడతారు. దండ పక్కకు జరిగిన చోట తొంగిచూసే రేడియేటర్ అంచు, చక్రం మీది నట్లు... వీటి సాయంతో కంపెనీని పట్టుకుంటారు. డిటెక్టివ్ పనే!

చక్రాల మీద జూ

లేలాండ్ పేరెత్తితే ముచ్చట ఇంకో మలుపు తిరుగుతుంది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో అదో చిన్న ఊరు. అక్కడ 1896లో ఆవిరి బండ్ల కంపెనీగా మొదలై, 1907లో లేలాండ్ మోటార్స్ అయింది. వీళ్లు లారీలకు జంతువుల పేర్లు పెట్టేవారు. నాలుగు చక్రాలదైతే బీవర్. ఆరు చక్రాలుంటే హిప్పో. ఎనిమిది ఉంటే? ఇంకేముంది... ఆక్టోపస్! ఆ జూలో చేరని పేరు ఒకటుంది. అదే కోమెట్, అంటే తోకచుక్క. 1947లో వచ్చిన ఈ లారీయే మన రోడ్ల రాత మార్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ మొదలైంది. మొదట ఆస్టిన్ కార్లు బిగించేవారు. తర్వాత లేలాండ్‌తో ఒప్పందం కుదిరింది. 1951 నుంచి ఎన్నూరులో లేలాండ్ ఛాసిస్‌లు తయారవడం మొదలైంది. 1955లో పేరు అశోక్ లేలాండ్‌గా మారింది. అశోక్ అంటే చక్రవర్తి అశోకుడే అనుకుంటారు చాలామంది. కాదు, వ్యవస్థాపకుడు రఘునందన్ శరణ్ కొడుకు పేరది. 'అశోక్‌నగర్‌లో ఉంటూ ఇది తెలియకపోతే ఎలా?' అని పెద్దవాళ్లు కుర్రాళ్లను ఆటపట్టిస్తుంటారు.

క్లచ్ రెండుసార్లు... ప్రాణం ఒక్కటే

ఫొటోలో అందంగానే ఉంటుంది. తోలడమే నరకం! చాలా పాత లారీలకు సెల్ఫ్ స్టార్టర్ ఉండదు, ఉన్నా మొరాయిస్తుంది. మూతి కింద ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజిను ఎదురు తన్నిందంటే చెయ్యి విరిగినట్టే. ఆ పని ఎక్కువగా క్లీనరుది.

గేరు మార్చడమూ ఓ విద్యే. క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి తర్వాతి గేరు వేయాలి. డబుల్ క్లచ్ అంటే ఇదే. ఇంజిను వేగం, చక్రాల వేగం ఒకటయ్యే క్షణాన్ని చెవితో పట్టుకోవాలి. తప్పితే గేరుబాక్సు కర్రుమని అరుస్తుంది. బండి నిండా సరకుతో ఘాట్ దిగుతున్నప్పుడు గేరు పడలేదో... అంతే సంగతులు. అందుకే ఆనాటి డ్రైవరుకు ఊళ్లో అంత గౌరవం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకు కరవొచ్చింది. అప్పుడు బండి వెనక పెద్ద డొక్కు బిగించి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపారు. బయల్దేరే ముందు ఒకరు చేత్తో ఫ్యాను తిప్పి మంట రాజేయాలి. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోయాలి. ఆల్బమ్‌లో బండి వెనక గుండ్రటి డ్రమ్ము కనిపిస్తే నీళ్ల పీపా అనుకోకండి. అది బొగ్గు బండి!

ఈ కష్టం మనకే కాదు. బ్రిటన్‌లో 1957 దాకా భారీ లారీలు గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు మించకూడదు. చలికి వణుకుతూ రాత్రంతా అదే వేగంతో సాగిన డ్రైవర్ల కథలు అక్కడి పెద్దలూ ఫొటోలు చూస్తూ చెప్పుకుంటూ ఉంటారు.

అక్కడ మ్యూజియం... ఇక్కడ అటక

తేడా ఎక్కడుందంటే దాచుకోవడంలో. లేలాండ్ ఊళ్లో 1983లోనే లారీలు, బస్సుల కోసం ప్రత్యేక మ్యూజియం వెలిసింది. పాత లారీలకు రంగులేసి లండన్ నుంచి బ్రైటన్ దాకా ఊరేగింపుగా నడుపుతారు. వాటిని చూడ్డానికి జనం రోడ్ల పక్కన బారులు తీరుతారు.

మన దగ్గర పనికిరాని లారీ కట్టర్ కిందకే. ఇనుము తూకానికి పోతుంది. మిగిలేది ఫొటో ఒక్కటే. అది కూడా అటక మీద, పెట్టె అడుగున. ఇల్లు అమ్మి అపార్టుమెంటు కట్టినప్పుడో, పెద్దాయన పోయినప్పుడో ఆ పెట్టె పాత పేపర్ల కొట్టుకు చేరుతుంది.

నీళ్లూ వదల్లేదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ పరిసరాల్లోని లోతట్టు ఇళ్లను ముంచెత్తింది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అరుదైన ఉర్దూ పుస్తకాలే తడిసి ముద్దయ్యాయి. ఇక ఇళ్లలోని ఆల్బమ్‌ల గతి చెప్పేదేముంది? తడిసి ఒకదానికొకటి అతుక్కున్న ఫొటోలు విడదీస్తే బొమ్మలే ఊడిపోతాయి.

అన్నింటికంటే పెద్ద నష్టం మరోటుంది. ఫొటో ఉంటుంది, చెప్పేవాళ్లే ఉండరు. 'ఈ పిల్లాడు ఎవరు? ఈ లారీ ఎవరిది? ఎక్కడ తీశారు?' అని అడిగేసరికే ఆలస్యమైపోతుంది. అల్బియనా, కోమెటా అన్న వాదన తేలకపోయినా ఫరవాలేదు. దండ పక్కన నిలబడ్డ క్లీనరు పేరు ఎవరికీ తెలియకపోతేనే బాధ. కంపెనీల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ కుర్రాడి పేరు ఎక్కడ దొరుకుతుంది?

వెనక్కి తిప్పి రాయండి

అందుకే ఈ ఆదివారం ఓ పని చేయండి. అటక మీది పెట్టె దించండి. ఫొటోలను పెద్దవాళ్ల ముందు పరిచి అడగండి. వాళ్లు చెప్పింది ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచున, గట్టిగా ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ వద్దు, ఆ గీత ముందువైపు తేలుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే తీయలేం. జిగురు పేజీల ఆల్బమ్‌ల నుంచి ఫొటోలను నెమ్మదిగా తప్పించి, కాగితం కవర్లలో తేమ తగలని చోట పెట్టండి. స్కాన్ చేయించి ఇంట్లో నలుగురికీ పంచితే ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర ఉంటుంది. వెనకవైపూ స్కాన్ చేయడం మర్చిపోకండి. స్టూడియో ముద్రో, తారీఖో అక్కడే ఉండొచ్చు.

చిక్కడపల్లి మారిపోయింది. 2020 ఫిబ్రవరి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా మెట్రో పరుగెడుతోంది. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన వచ్చింది. పాత డబుల్ డెక్కర్లు 2000 దశకం మొదట్లో కనుమరుగైతే, 2023 ఫిబ్రవరిలో హెచ్‌ఎండీఏ మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లను రోడ్డెక్కించింది. వాటిని తయారుచేసిన స్విచ్ మొబిలిటీ ఎవరిదనుకున్నారు? అశోక్ లేలాండ్ సంస్థే. ఆ లేలాండే 1951లో అల్బియన్‌ను కొనేసింది. అంటే నిజాం కాలంలో వచ్చిన ఆ సూర్యుడి బండికి ఇవి దూరపు చుట్టాలే!

ఈ మాట చెబితే పెద్దాయన నవ్వుతారు. పక్కనున్న మనవడు ఫోన్‌లో కొత్త డబుల్ డెక్కర్ ఫొటో చూపిస్తాడు. ఆయన అలవాటుగా మూతి వైపు చూస్తారు.

'రేడియేటర్ ఏదిరా దీనికి?'

'దీనికి ముందర అట్లాంటిది కనిపించదు తాతా!'

ఒక్క క్షణం ఆలోచించి... 'మరి దండ ఎక్కడేస్తార్రా?' అంటారు.