కుంపటి, తితిక్ష

ధనుర్మాసపు వేకువ. అవనిగడ్డలోని ఒక పాత ఇంటిలో ఎనుబది దాటిన వృద్ధమాత తలుపులు, కిటికీలు బిగించుకొని, బొగ్గుల కుంపటి ప్రక్కన నిద్రిస్తున్నది. గీతాధ్యయనపరుడైన కుమారుడు లోనికి వచ్చి, తలుపులు బార్లా తెరచి, కుంపటిని అరుగు మీదకు తరలించాడు. మూసిన గదిలో బొగ్గు వెలువరించే కార్బన్ మోనాక్సైడుకు వర్ణం లేదు, గంధం లేదు. నిద్రలోనే ప్రాణం హరిస్తుంది.

శీతోష్ణాలను ఓర్చుకొమ్మని గీతాద్వితీయాధ్యాయంలో భగవానుడు అర్జునునికి బోధించాడు. వివేకచూడామణి మరింత కఠినం: ప్రతీకారం తలపెట్టక, చింతావిలాపాలు లేక దుఃఖాన్ని సహించడమే తితిక్ష. చలి వేస్తున్నదన్న తల్లికి ఆయన వినిపించినది ఇదే. ఆమె మారు పలుకలేదు. అటక మీది కుంపటిని దింపించుకొన్నది.

షట్కసంపత్తిలో ఒకటైన తితిక్ష సాధకుడు తనకు తాను విధించుకొనేది. తల్లి చలికి తనయుని వైరాగ్యం ఏ విధంగా సమాధానమవుతుంది?

ఆయన విజయవాడ వెళ్ళి విచారించాడు. గొట్టాలతో ఇల్లంతా వెచ్చబరచే ఏర్పాటు మన ఇండ్లకు లేదు, అవసరమూ లేదు. వేడినిచ్చే స్ప్లిట్ ఏసీ విద్యుత్తును తక్కువగానే వాడుతుంది గాని, వీచే గాలి ఆమెకు సరిపడదు. కాయిల్ హీటరు దుప్పటి చెంత భయం. చివరకు నూనె నింపిన రేడియేటరు కొన్నాడు. 1500 వాట్లు, పూర్తిశక్తితో గంటకు ఒకటిన్నర యూనిట్లు. పాత 5 ఆంపియర్ల ప్లగ్గు దానిని భరించదు కనుక 16 ఆంపియర్ల సాకెట్టు, ఎర్తింగు పెట్టించాడు.

మరునాటి వేకువన ఆయన పారాయణానికి కూర్చోగానే, తల్లి మెల్లగా లేచి ఆ రేడియేటరును ఆయన చాప వైపు దొర్లించింది.