గోడ మీద మేకు ఖాళీగా ఉండదు

డిసెంబర్ వచ్చిందంటే మా షాపుకి రెండు రకాల ఫోన్లు వస్తాయి. ‘6205 ఉందా?’ అని కొన్ని. ‘క్యాలెండర్లు వచ్చాయా?’ అని కొన్ని. రెండో రకం ఫోన్లు నాకు చిరాకు. నాన్నకి మాత్రం భలే సంబరం.

విజయవాడ ఆటోనగర్‌లో మాది బేరింగులు, ఆయిల్ సీళ్ల షాపు. నాన్న ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నారు. నేను హైదరాబాద్‌లో ఎంబీఏ చేసి, రెండేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, నాన్నకి స్టెంట్లు వేశాక ఇంటికొచ్చేశా. ఆటోనగర్‌లో కౌంటర్ మీద ఆడపిల్ల కూర్చోవడం అందరికీ కొత్త. ‘నాన్నగారు లేరామ్మా? అయితే మళ్లీ వస్తాంలే’ అని వెనక్కి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల ముందు నేనేంటో చూపించాలనే కసి నాలో బాగా ఉండేది. ఆ కసితోనే మొదటి తప్పు చేశా.

‘క్యాలెండర్ ఎవరు చూస్తున్నారు నాన్నా? అందరి చేతిలో ఫోన్ ఉంది. ఆరు వందల క్యాలెండర్లు వేసి పంచే బదులు, మనకి నిజంగా బిజినెస్ ఇచ్చే అరవై మందికి మంచి గిఫ్ట్ ఇద్దాం’ అన్నా. ఎక్సెల్ తెరిచి, ఏడాది బిల్లులన్నీ ఎక్కించి, ఎక్కువ మొత్తం నుంచి తక్కువకి వరస పెట్టి, పైనున్న అరవై పేర్లు తీశా. కాలేజీలో నేర్పింది అదే కదా! ఎక్కువ ఇచ్చేవాడిని బాగా చూసుకోవాలి.

నాన్న లిస్టు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ‘నీ ఇష్టం’ అన్నారు. మా ఇంట్లో ఆ రెండు మాటలకి ‘వద్దు’ అని అర్థం. నాకు తెలుసు. తెలియనట్టు ఊరుకున్నా.

అరవై పవర్ బ్యాంకులు. ఒక్కోటి నాలుగు వందల యాభై. మొత్తం ఇరవై ఏడు వేలు. మీద మా షాపు పేరు, ఫోన్ నంబరు, పెద్ద లోగో. పెట్టెలు వచ్చిన రోజు ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నా.

ఆ వారంలోనే బాబాయ్ వచ్చాడు. సొంత బాబాయ్ కాదు, లారీ మెకానిక్. నా చిన్నప్పటి నుంచి అలాగే పిలుస్తా. షాపుకి ఎప్పుడొచ్చినా నా కోసం పల్లీ పట్టీ తెచ్చిన మనిషి.

‘క్యాలెండర్ ఇవ్వు అమ్మాయ్. పిన్ని అడుగుతోంది.’

‘ఈసారి వెయ్యలేదు బాబాయ్.’

ఆయన నా వెనక పేర్చి ఉన్న పెట్టెల వైపు చూశాడు. పెట్టెల మీద మా పేరు పెద్దక్షరాల్లో ఉంది. దాచడానికేం లేదు.

‘అవి పార్టీలకి బాబాయ్’ అన్నా.

‘అలాగా’ అని, రెండు సీళ్లు తీసుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. అప్పటికి నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ ‘అలాగా’ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

జనవరిలో పంచాను. ఒక పెద్ద కంపెనీ పర్చేజ్ మేనేజర్‌గారు పెట్టె తెరవకుండానే వెనక్కి తోశారు. ‘మా కంపెనీ పాలసీ ఒప్పుకోదమ్మా. క్యాలెండరో డైరీయో అయితే ఇవ్వు, తీసుకుంటా’ అన్నారు. నవ్వుతూనే అన్నారుగానీ, లంచం ఇవ్వబోయి దొరికిపోయినట్టు అనిపించింది.

మార్చి దాటాక అసలు కథ మొదలైంది. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పాలా? లారీ డాష్‌బోర్డు మీద పెట్టిన పవర్ బ్యాంకులు ఒక్కొక్కటీ అప్పడాల్లా ఉబ్బడం మొదలెట్టాయి. మీద పదివేల ఎంఏహెచ్ అని ఉంది. లోపల అందులో సగమైనా ఉందో లేదో, ఫోన్ ఒక్కసారి కూడా నిండేది కాదు. ఒక లారీ ఓనరు దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి డ్రైవర్‌తో తిప్పి పంపించారు. ‘క్యాబిన్‌లో పేలితే ఎవరు బాధ్యులు?’ అని కబురు. సప్లయర్‌కి ఫోన్ చేస్తే, గిఫ్ట్ ఐటమ్‌కి వారంటీ ఉండదన్నాడు. ఉబ్బిన ఆ డబ్బా మీద వాడి పేరు ఎక్కడా లేదు. ఉన్నది మా పేరే. నాసిరకం వస్తువు మీద మన పేరు వేసి పంచడమంటే, మన డబ్బులతో మనల్ని మనమే తిట్టించుకోవడం అని అప్పుడు అర్థమైంది.

అది పైకి కనిపించిన నష్టం. లోపలిది ఇంకోటి ఉంది. ఏప్రిల్ నెల లెక్కలు చూస్తుంటే కొన్ని లారీల బిల్లులు కనిపించలేదు. ఓనర్లు వేరు వేరు, రూట్లు వేరు. మరి ఒకేసారి ఎందుకు ఆగాయి? నాన్నని అడిగా. ఆయన లిస్టు మీద వేలు పెట్టి, ‘ఇవన్నీ మీ బాబాయ్ షెడ్డులో పని చేయించుకునే బళ్లు’ అన్నారు.

నా ఎక్సెల్‌లో బాబాయ్ పేరే లేదు. ఎలా ఉంటుంది? బిల్లు లారీ ఓనరు పేరు మీద అవుతుంది. డబ్బు ఓనరు కడతాడు. కానీ ‘ఫలానా షాపులో తెండి’ అని చీటీ రాసిచ్చేది మెకానిక్. ఓనరుకి బేరింగ్ మొహం కూడా తెలీదు. అంటే మాకు పని ఇచ్చేవాళ్లని వదిలేసి, డబ్బు కట్టేవాళ్లకి మాత్రమే దండం పెట్టానన్నమాట.

మే నెలలో బాబాయ్ కూతురి పెళ్లి కుదిరింది. శుభలేఖ ఇవ్వడానికి షాపుకి వచ్చాడు. పల్లీ పట్టీ తెచ్చాడు. ఆ పట్టీ చూస్తే నాకు మాట రాలేదు. పెళ్లి ముందు రోజు నాన్నతో కలిసి వాళ్లింటికి వెళ్లా. ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. పిన్ని కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్తే వెనకే వెళ్లా.

గోడ మీద క్యాలెండర్. మా వీధిలోనే ఉన్న ఇంకో షాపుది.

దాన్ని దగ్గరగా చూశా. ప్రతి తేదీ గడిలో పిన్ని రాతలు. పాలు అర లీటరు, పాలు రాలేదు, గ్యాస్ బుక్ చేసిన రోజు, చీటీ కట్టాల్సిన తేదీ, బాబాయ్ బీపీ మాత్రలు అయిపోయే రోజు. ఏకాదశి చుట్టూ ఒక సున్నా. ఫోన్‌లో క్యాలెండర్ ఉందని నేను వాదించానే, ఇవన్నీ ఏ ఫోన్‌లో పడతాయి? పడినా ఇంట్లో అందరికీ ఒకేసారి ఎలా కనిపిస్తాయి? ఆ కాగితం ఈ ఇంటి ఆఫీసు. దాని పైన మూడు వందల అరవై అయిదు రోజులూ ఇంకో షాపు పేరు.

పక్కన దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం. అద్దం వెనక కాగితం కాస్త పసుపుబారింది. కింద చిన్న అక్షరాల్లో మా షాపు పేరు, 1999.

‘మేం షెడ్డు పెట్టిన ఏడాది క్యాలెండర్ అమ్మా అది’ అంది పిన్ని. ‘పటాల కొట్టాయన కింద పేరు కత్తిరించేస్తానన్నాడు. నేనే వద్దన్నా. ఆ ఏడాది మీ నాన్నగారు సామాను అరువివ్వకపోతే మాకు షెడ్డెక్కడిది?’

‘మరి ఈ క్యాలెండరు...’ అన్నా, గోడ వైపు చూపిస్తూ. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదని తెలుసు.

‘మేకు ఖాళీగా ఉంచలేం కదమ్మా. ఎవరిదో ఒకరిది పెట్టుకోవాలిగా!’

పిన్ని మామూలుగానే అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే బాగా తగిలింది.

బండి మీద తిరిగొస్తుంటే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు మాత్రం అన్నారు: ‘బిల్లు మీద పేరున్నవాడొక్కడే పార్టీ కాదమ్మా.’

ఆ ఏడాది ఆగస్టులోనే పని మొదలెట్టా. ముందు మా ఆడిటర్‌గారి దగ్గర కూర్చున్నా. గిఫ్టుల్లో కూడా లెక్కలుంటాయని ఆయనే చెప్పారు. 2022 జులై 1 నుంచి 194ఆర్ సెక్షన్ వచ్చింది. వ్యాపార సంబంధంలో ఒకరికి ఏడాదిలో ఇచ్చే బహుమతులు, ప్రయోజనాల విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ చూసుకోవాలి. ఊరికే ఇచ్చే బహుమతి మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. మా స్థాయిలో మొదటిదాని భయం లేదుగానీ, రెండోది తెలియక పవర్ బ్యాంకుల లెక్క తప్పుగా వేసుకున్నా.

తర్వాత క్యాలెండర్ ఆర్డర్ ఇచ్చా. మళ్లీ ఆరు వందలు. తిథులు, వర్జ్యం, రాహుకాలం అన్నీ తెలుగులో. ఒకటే మార్పు. తేదీ గడిలో పెన్నుతో రాసుకోవడానికి చోటు వదలమన్నా. మా పేరు కొంచెం చిన్నదైనా ఫర్వాలేదన్నా. ప్రింటర్‌కి ఇది వింత. ‘అందరూ పేరు పెద్దది చెయ్యమంటారు మేడమ్’ అన్నాడు.

రెండోది, షెడ్డుల కోసం ఒక చార్టు. బేరింగ్ నంబర్ల వెనక చిన్న లెక్క ఉంటుంది. చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి బెజ్జం ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. 6205 అంటే అయిదైదులు పాతిక. 04 నుంచి ఇదే లెక్క. దానికి ముందున్న 00, 01, 02, 03 మాత్రం వరసగా 10, 12, 15, 17 అని గుర్తుపెట్టుకోవాలి. పాత మెకానిక్‌లకి ఇది నోటికి వచ్చు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి రాదు. వాళ్లు తప్పు నంబరు చెప్పడం, తిరిగి రావడం, మా మీద అరవడం మామూలే. అందుకే తెలుగులో చార్టు రాసి, గ్రీజు చేతులు పడినా తుడుచుకునేలా లామినేషన్ చేయించాలనుకున్నా.

నమూనా పట్టుకుని ముందు బాబాయ్ దగ్గరికే వెళ్లా. ‘తప్పులుంటే చెప్పు బాబాయ్’ అన్నా. ‘పోయినేడు నేను చేసింది తప్పే’ అని కూడా అన్నా. రెండో మాట ఆయన విననట్టే ఉండి, చార్టు చేతిలోకి తీసుకున్నాడు.

‘6205కీ 6305కీ లోపల బెజ్జం ఒకటే, పాతిక. బయటి కొలత వేరు. ఒకటి 52, ఇంకోటి 62. కుర్రాళ్లు బోల్తా పడేది అక్కడే. బయటి కొలత వెయ్యకపోతే నీ చార్టు ఎందుకు?’

ఎంబీఏలో నాకెవరూ చెప్పని మాట. వేశాను. లామినేషన్‌తో కలిపి ఒక్కో చార్టుకి పవర్ బ్యాంక్ ఖరీదులో పదో వంతు కూడా కాలేదు.

ఇక ఆఫీసులున్న పది మంది లారీ ఓనర్లకి ఏమివ్వాలి? దీనికి సమాధానం నాన్న చెప్పారు. కొండపల్లి మనకి పాతిక కిలోమీటర్లైనా లేదు. ఇద్దరం వెళ్లాం. తెల్ల పొణికి చెక్కతో చేస్తారు ఆ బొమ్మలు. ఎంత తేలికో! చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు. విడి భాగాలని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు చూశాక నాన్న ఎడ్లబండి దగ్గర ఆగిపోయారు.

‘మన వ్యాపారం ఇక్కడే మొదలైందమ్మా. ఇరుసుకి కందెన రాసేవాళ్లు చూడు, అదే మొదటి గ్రీజు’ అన్నారు.

పది బళ్లు తీసుకున్నాం. వాటి మీద మా పేరు వెయ్యలేదు. పెట్టెలో చిన్న కార్డు పెట్టాం. అందులో వాళ్ల పేరు, కింద నాన్న సంతకం. ఆ ఓనర్లలో ఒకాయన బల్ల మీద ఆ ఎడ్లబండి ఇప్పటికీ ఉంది. ఎవరడిగినా ‘బేరింగుల షాపాయన ఇచ్చాడు’ అని ఆయనే చెప్తారు. మా లోగో చేయలేని పని అది.

మీలో ఎవరైనా చిన్న షాపో స్టార్టప్పో నడుపుతుంటే, న్యూ ఇయర్ గిఫ్టుల కోసం ఆన్‌లైన్‌లో వెతికే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఇది వాళ్లింట్లో ఎక్కడ ఉంటుంది? దాన్ని ఎవరు వాడతారు? రేపు పాడైతే ఎవరి పేరు తిడతారు? వీటికి జవాబు దొరికాకే ధర చూడండి. లిస్టు రాసేటప్పుడు మాత్రం ఎక్సెల్‌ని ఒక్కదాన్నే అడక్కండి. మీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్ల పేర్లు అందులో ఉండవు.

బాబాయ్ షెడ్డు బళ్లన్నీ తిరిగొచ్చాయని చెప్పను. సగం వచ్చాయి. మిగతా సగం ఆ ఇంకో షాపుతోనే ఉన్నాయి. వాళ్లూ మంచి సరుకే ఇస్తారు, నేనేం అనగలను? పిన్ని వంటింట్లో ఇప్పుడు రెండు మేకులు, రెండు క్యాలెండర్లు. పాల లెక్క మాత్రం మా దాంట్లోనే రాస్తోందట. గడులు పెద్దవి కదా!

మొన్న పొద్దున్నే ఒక ఫోన్ వచ్చింది. గొంతు కొత్తది, షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు.

‘అక్కా, గోడ మీద చార్టు చూసి చెప్తున్నా. బయట 62 ఉంది, 6305 రెండు కావాలి.’

‘సరిగ్గా చూశావా?’

‘రెండుసార్లు చూశా అక్కా. చూడకుండా ఫోన్ చేస్తే తంతానన్నాడు బాబాయ్.’