కంచె మీది ముల్లు, కంచంలో కూర

మెక్సికో సిటీ,
ఆదివారం రాత్రి.

మామా,

శెనక్కాయ చేనికి గొడ్లు రాకుండా నువ్వు పెట్టిన నాగజెముడు కంచె ఉంది చూడు, అది నేనీ పొద్దు కూర చేసుకుని తిన్నా. నవ్వకు. చిన్నప్పుడు ఆ పండ్లు తిని నోరంతా ఎర్రగా చేసుకుని, వేళ్ళ నిండా నూగుముళ్ళతో ఏడుస్తూ వస్తే, అత్త నూనె రాసి గుడ్డతో తుడిచేది. ఆ జెముడే ఇక్కడ కూరగాయ.

వీళ్ళు దాన్ని నోపాల్ అంటారు, పండును తూనా అంటారు. మన సంతలో తోటకూర కట్టలు పేర్చినట్టు అరచేయంత పచ్చటి మట్టలు పేర్చి పెడతారు. అమ్మే ఆమె ఎడమచేత్తో మట్ట అడుగు పట్టుకుని, ముందు అంచు చుట్టూ సన్నగా కోసేస్తుంది. తర్వాత కత్తి పడుకోబెట్టి, ముళ్ళున్న బుడిపెల్ని మాత్రం గీరేస్తుంది. పచ్చతోలు లేవదు. చేసినంతసేపూ పక్కామెతో కబుర్లే, కన్ను మట్ట మీద ఉండదు. చూడ్డానికి సులువుగానే ఉంది కదా అని నేను ముళ్ళు తీయని మట్టలు కొనుక్కుపోయా. పెద్ద ముల్లు కనిపిస్తుంది కాబట్టి తప్పించుకోవచ్చు. కనపడని నూగు బొటనవేలిలో దిగి మూడు రోజులైంది.

కోస్తే బెండకాయను మించిన జిగురు. దానికి వీళ్ళ పేరేంటో తెలుసా? బాబా! వీళ్ళ భాషలో చొంగ అని అర్థం. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పు వేసి ఉడికించి నీళ్ళు వంచేస్తే చాలావరకు పోతుంది. ఆ ముక్కల్లో టమోటా, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపితే పచ్చడికీ కూరకీ నడుమ ఒక రకం. గుడ్డుతో పొరటూ చేస్తారు. నాకు మాత్రం నచ్చింది పెనం మీద కాల్చిన మట్టే. జిగురు దానంతటదే ఆరిపోతుంది. రోడ్డు పక్కన త్లకోయో అని అమ్ముతారు: మొక్కజొన్న పిండిలో, ఓళిగకు పూర్ణం పెట్టినట్టు, చిక్కుడుగింజల ముద్ద పెట్టి కోలగా ఒత్తి కాలుస్తారు. పైన నోపాల్ ముక్కలు, కారం. నేను రెండు తిన్నా, మూడోదానికి సిగ్గేసి లేచొచ్చా.

రుచిలో గోరుచిక్కుడు పోలిక ఉంది, వెనక కొంచెం పులుపు తగులుతుంది. ఆ పులుపు గడియారం చూసి నడుస్తుంది మామా! పొద్దున్నే కోసిన మట్ట పుల్లన, సాయంత్రం కోసింది చప్పన. తక్కిన మొక్కల్లా పగలు రంధ్రాలు తెరిస్తే ఎడారి ఎండకు ఉన్న నీళ్ళన్నీ పోతాయి. అందుకని ఇది రాత్రిపూట తెరిచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, ఆపిల్‌లో ఉండే ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. పగలు తలుపులు మూసుకుని ఎండలో ఆ దాచింది ఖర్చుపెట్టుకుంటుంది.

ఇక నీ షుగరు సంగతి. 100 గ్రాముల పచ్చి నోపాల్‌లో 94 వంతులు నీళ్ళే. 16 క్యాలరీలు, రెండు గ్రాముల పైచిలుకు పీచు. ఆ పీచూ జిగురూ తిన్నది నెమ్మదిగా ఒంటబట్టేలా చేస్తాయి. తిండితో పాటు తింటే ఆ తర్వాత షుగరు పెరగడం తగ్గిందని చిన్న చిన్న పరీక్షల్లో చూశారు. అలాగని మాత్ర మానేవు! క్యాల్షియం 160 మిల్లీగ్రాముల దాకా ఉందని గొప్పగా చెబుతారు గానీ, అందులో చాలాభాగం ఆక్సలేటుగా బిగుసుకుని ఉంటుంది, ఒంటికి అంతా అందదు.

నిన్న నగరానికి దక్షిణాన మిల్పా ఆల్తా కొండల్లోకి పోయా. కనుచూపు మేర సాళ్ళు పెట్టి జెముడే, పశువుల ఎరువు వేసి పెంచుతున్నారు. ఎండు నేలల్లో దానంతటదే పెరిగే అడవి రకం పండ్ల రసాన్ని మరగకాచి, బాగా కలియబెట్టి, బెల్లం అచ్చుల్లా పోస్తారు. పాలచుక్క లేకపోయినా దాన్ని తూనా జున్ను అంటారు. వీళ్ళ జాతీయ జెండా మీద గద్ద కూర్చున్నది కూడా ఈ జెముడు మీదే.

మరి ఇదంతా మనకెందుకు తెలియలేదు? ఈ మొక్క మన దేశానికి వచ్చింది గానీ వంట రాలేదు. ఈ మట్టల మీద బతికే ఒక పురుగును ఎండబెట్టి నూరితే మంచి ఎర్రరంగు వస్తుంది. దానికోసం ఈస్టిండియా కంపెనీవాళ్ళు మద్రాసు సైదాపేటలో జెముడు తోటే వేశారు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగును తెచ్చారు. తీరా చూస్తే అది నాసిరకం, రంగు సరిగా దిగలేదు. వ్యాపారం పోయింది. జెముడు మనకు కంచెలకే మిగిలింది.

మన కంచెది వీళ్ళు పెంచే రకం కాదు, దాని దాయాది. ముళ్ళు మరీ ఎక్కువ. తుంచితే పాలు కారే బొమ్మజెముడైతే అసలు వేరే కుటుంబం, విషం, దాని జోలికి ఎవర్నీ పోనీకు. మట్టల సంగతి నేను సంక్రాంతికొచ్చాక చూద్దాం. అత్తకు మాత్రం ముందే చెప్పకు, పొయ్యి దగ్గరికి రానివ్వదు.

నీ మేనల్లుడు