రాత్రి షిఫ్టు చదివే పేజీ

మాదాపూర్‌లో కూర్చుని విమానం ఇంజన్ పని చేస్తానంటే చాలామంది నమ్మరు. సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా సాఫ్ట్‌వేరేనని అనుకుంటారు. నేను రాసేది మెయింటెనెన్స్ మాన్యువల్. చిన్న ఊళ్లకు తిరిగే టర్బోప్రాప్ విమానాల ఇంజన్‌లో ఏ భాగాన్ని ఎలా విప్పాలి, ఎలా బిగించాలి, బిగించాక ఏం చూడాలి అన్నవే నా వాక్యాలు. వాటికి కట్టుబాట్లున్నాయి. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి. హెచ్చరిక పనికి ముందే రావాలి. ఈ చివరిదానికి నేను ప్రాణం పెడతాను. ప్లగ్ విప్పమని చెప్పాక, విప్పేముందు నూనె చల్లారనివ్వమని రాస్తే, అప్పటికే మెకానిక్ చెయ్యి కాలి ఉంటుంది.

2022 అక్టోబర్ 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ క్యూ400 విమానం క్యాబిన్‌లో పొగ కమ్ముకుంది. శంషాబాద్‌లో అత్యవసరంగా దించారు. మంట లేదు, అందరూ బయటపడ్డారు. మా సీట్ల దగ్గర మర్నాడంతా అదే మాట. ఇంజన్‌లో ఒత్తిడికి గురైన గాలిలో కొంత క్యాబిన్ ఏసీకి వెళ్తుంది. బేరింగ్ దగ్గర సీల్ వదులైతే నూనె ఆ గాలిలో కలిసి ప్రయాణికుల ముక్కుదాకా వస్తుంది. తర్వాత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన ఆదేశాలు చదివితే ఆ దారి అర్థమవుతుంది: స్పైస్‌జెట్ తన క్యూ400 ఇంజన్లన్నిటి నూనె శాంపిళ్లు 15 రోజులకోసారి ఇంజన్ తయారీదారు ప్రాట్ అండ్ విట్నీ కెనడాకు పంపాలి, అందులో లోహపు రజను, కార్బన్ సీల్ తునకలు ఉన్నాయేమో చూడాలి, మ్యాగ్నెటిక్ చిప్ డిటెక్టర్లు తనిఖీ చేయాలి.

చిప్ డిటెక్టర్ అంటే నూనె దారిలో బిగించే చిన్న అయస్కాంతపు ప్లగ్. లోపల ఎక్కడైనా బేరింగో పళ్ల చక్రమో అరుగుతుంటే ఆ ఇనుప రజను దీనికి అంటుకుంటుంది. విప్పి, తుడిచి, వెలుతురులో చూసి, మళ్లీ బిగించాలి. దాని మెడకు రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. పాతది తీసేసి కొత్తది వేయాలి. ఆ రింగ్ లేకపోయినా ప్లగ్ బిగుస్తుంది, చేతికి తేడా తెలియదు. గాల్లోకి లేచాక నూనె కారిపోతుంది.

1983 మే 5న మయామీ నుంచి నసావు బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855 విమానానికి సరిగ్గా ఇదే జరిగింది. మూడు ఇంజన్ల లాక్‌హీడ్ ట్రైస్టార్, 172 మంది. ముందురాత్రి మెకానిక్‌లు మూడు ఇంజన్లకూ ఓ-రింగులు లేని డిటెక్టర్లు బిగించారు. వాళ్లకు మామూలుగా అందేవి రింగు వేసి ఉన్నవే, ఆ రాత్రి మాత్రం స్టోర్ నుంచి తెచ్చారు. నూనె ఒత్తిడి పడిపోయిందని ఒక ఇంజన్ ఆపి వెనక్కి తిరిగితే, మిగతా రెండూ గాల్లోనే ఆగిపోయాయి. ముందు ఆపిందాన్నే మళ్లీ రాజేసి మయామీలో దించారు. ఓ-రింగులు వేయాలని వర్క్‌కార్డులో ఉంది. వేశామని సంతకమూ ఉంది.

కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ కేసే. రింగు మాట అయిదు పనుల మధ్య ఇరికించారంటే ఆ వాక్యాన్ని వెనక్కి పంపేస్తాను. రింగు వేయడం ఒక అడుగు, వేసింది కళ్లతో చూడడం మరో అడుగు, ఇంజన్ తిప్పి లీకు చూడడం ఇంకో అడుగు. అన్నిటికీ కలిపి ఒకే సంతకం పెట్టించే కార్డు నాకు నచ్చదు. ఒకే చెయ్యి ఒకే రాత్రి అన్ని ఇంజన్లకూ అదే పని చేయడం ఇంకా ప్రమాదం.

ఇక మంట. దాన్ని ఆర్పే సంగతులు మాన్యువల్ 26వ అధ్యాయంలో ఉంటాయి. మంట పుట్టే చోట్లు 71, 73, 79లో ఉంటాయి: కౌలింగ్ అనే ఇంజన్ మూత, ఇంధనం, నూనె. 2013 మే 24న హీత్రూలో ఒక ఎయిర్‌బస్ ఏ319 టేకాఫ్‌లో రెండు ఇంజన్ల కౌలింగ్ తలుపులూ ఊడిపోయాయి. ఊడినదే ఇంధన గొట్టాన్ని చీల్చి కుడి ఇంజన్‌కు నిప్పంటించింది. రాత్రి షిఫ్టులో ఆ తలుపుల లాచ్‌లు వేయకుండా సామాను కోసం వెళ్లిన టెక్నీషియన్లు, తిరిగి పని పూర్తి చేయడానికి వచ్చింది వేరే విమానం దగ్గరికి.

అందుకే మెకానిక్ అజాగ్రత్త అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోలేను. తెల్లవారుజామున రెండింటికి, టార్చి నోట కరుచుకుని, లాచ్ కోసం నేలమీద పడుకుని చూసే మనిషి చదువుతాడని తలుచుకుని పేజీ రాయాలి. మా దగ్గర రాసే కుర్రవాళ్లకు ఇంజన్ త్రీడీ మోడల్ స్క్రీన్ మీద ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, ఆ లాచ్ ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. రాసేవాళ్లను ఏడాదికి కొన్ని రాత్రులైనా శంషాబాద్ హ్యాంగర్‌లో మెకానిక్ పక్కన నిలబెట్టాలి. మా కాంట్రాక్టుల్లో ఆ ఏర్పాటు లేదు. కొత్త ప్రాజెక్టు మొదలైనప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.